ఆఖరు వరుస చదవని వకీలు

కొత్తగా నల్లకోటు వేసుకున్న పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తారు. "సార్, మీరు గెలిచిన పెద్ద కేసు ఏదన్న చెప్పుండ్రి" అంటారు. నేను గెలిచిన పెద్ద కేసులు రెండు. ఒకదాంట్లో అవతలి వకీలుకు చలిజ్వరం వచ్చింది. రెండోదాంట్లో అవతలి సాక్షికి బస్సు దొరకలేదు. వాటి వల్ల మీరు నేర్చుకునేది ఏమీ లేదు.

నేర్చుకునేది ఉంటే గింటే ఒక సంతకం దగ్గర ఉంది. ఆ సంతకం నాదే. నల్లగొండ కచేరీలో పాతవాళ్ళకు దాని సంగతి తెలుసు. వాళ్ళు ఒక్కొక్కరే పోతున్నారు గనుక జరిగింది జరిగినట్టు నేనే రాసిపెడుతున్నాను. వాళ్ళు చెప్పే తీరులో నేను కాస్త మంచివాడిగా కనిపిస్తాను.

ఎరుగుదును

మాది మోత్కూరు దిక్కు, నేత కుటుంబం. మా బాపు మగ్గం నేసి నన్ను ఉర్దూ బడిలో చదివించాడు, హైదరాబాదు పంపి వకీలు పరీక్ష రాయించాడు. యాభైల మొదట్లో నల్లగొండలో ఒక పెద్ద వకీలు గారి దగ్గర జూనియరుగా చేరాను. ఆయన పేరు రాయను. ఆయన దగ్గర నేర్చుకున్న మంచి చాలా ఉంది. ఫైలు మూడుసార్లు చదవనిదే కోర్టు మెట్టు ఎక్కేవారు కాదు. పేదవాడు వస్తే కూర్చోబెట్టి మాట్లాడేవారు. జడ్జీల ఇండ్ల వైపు పోయేవారు కాదు. అలాంటి మనిషి దగ్గరే నేను అబద్ధం రాయడం కూడా నేర్చుకున్నాను. ముందే ఎందుకు చెబుతున్నానంటే, చెడ్డ సీనియరు దగ్గర ఎట్లాగూ మీరు జాగ్రత్తగానే ఉంటారు.

అప్పుడు కౌలుదారుల చట్టం వచ్చిన కొత్త. ఏండ్ల తరబడి దొర భూమి దున్నుతున్న కౌలుదారుకు ఆ భూమి మీద హక్కు వచ్చింది. అతన్ని లేపడానికి దొరకు మిగిలిన సులువైన దారి ఒకటే. కౌలుదారే తహసీల్దారు ముందుకు వచ్చి "నాకు ఈ భూమి వద్దు" అని రాజీనామా కాగితం మీద వేలిముద్ర వేయాలి. చట్టం వచ్చిన రెండు మూడేండ్లలో మా జిల్లాలో భూమి వద్దనుకున్న కౌలుదారులను చూస్తే, సన్యాసం పుచ్చుకునే గాలి ఏదో వీచిందనుకోవాలి.

వేలిముద్ర వేసిన మనిషి ఫలానా అని ఎవరైనా చెప్పాలి గదా. దానికి కాగితం అడుగున ఒక వరుస ఉండేది: "ఇతనిని నేను స్వయంగా ఎరుగుదును." దాని కింద ఒక వకీలు సంతకం. పెద్ద వకీళ్ళకు ఎండలో తహసీలుకు పోయే తీరిక ఉండదు. జూనియర్లు పోయేవారు. నేను అట్లా చాలామందిని ఎరుగుదునని రాశాను. వాళ్ళలో నిజంగా ఎరిగినవాడు ఒక్కడు, మా మేనమామ పక్కింటాయన.

ఒక ఎండకాలం పొద్దున మోత్కూరు పక్క ఊరి దొర గుమాస్తా ముగ్గురు మనుషులను వెంటబెట్టుకొని వచ్చాడు. పెద్ద వకీలు గారు ఫైలులోంచి తల ఎత్తకుండా అన్నారు.

"ఏమయ్యా, తహసీలుకు పోయి వీళ్ళను గుర్తించి రా."

"నాకు వీళ్ళు ఎరుక లేదు సార్."

"గుమాస్తాకు ఎరుకే. గుమాస్తా నాకెరుక. నేను నీకెరుక. ఇంకేం గావాలె?"

అప్పుడు నాకు ఇది తర్కం లాగానే వినిపించింది. పోయాను.

తహసీల్దారు గారి మేజా గద్దె మీద ఉండేది, కింద నిలబడ్డవాడి ఛాతీ దాకా వచ్చేది. మొదటి ఇద్దరూ ముద్రలు వేశారు. మూడోవాడు పొట్టి మనిషి. అతనికి మేజా మెడ దాకా వచ్చింది. "నీ పేరేంది?" అని తహసీల్దారు అడిగితే అతను ముందు గుమాస్తా వైపు చూశాడు, తర్వాత "జంగయ్య దొరా" అన్నాడు. "నీ ఇష్టంతోనే భూమి ఇడిసిపెడుతున్నవా?" "ఇష్టంతోనే దొరా." మునివేళ్ళ మీద లేచి, చేయి సాచి వేలు వత్తాడు. వేలు జారి ముద్ర అలుక్కుపోయింది. గుమాస్తా పండ్లు కొరికాడు. పొట్టి మనిషి సిరా వేలు తల వెంట్రుకలకు తుడుచుకొని పక్కకు జరిగాడు.

అతను గుమాస్తా వైపు చూసిన చూపు నేను చూశాను. చూడలేదని అంటే బాగుండును, కానీ చూశాను. ఆకలిగా ఉన్నది, ఎండగా ఉన్నది, రాసేది ఒక్క వరుస. సంతకం చేసి వచ్చి అన్నం తిన్నాను.

కచేరీ గుర్తులు

ఏడాది తిరిగేసరికి నేను సొంతంగా బోర్డు పెట్టుకున్నాను. కచేరీ వెనక గల్లీలో కిరాయి గది. దాని ద్వారం ఎంత పొట్టిదంటే ఇంటాయన ఆ సంగతి ముందు చెప్పకుండా కిరాయి మాట్లాడాడు.

ఒక పొద్దున ఠపీమని చప్పుడైంది. ఒక మనిషి నుదురు పట్టుకొని గుమ్మంలో నిలబడ్డాడు. నిలువెత్తు మనిషి. లోపలికి వచ్చి నిటారుగా నిలబడితే తలపాగా దూలానికి తగులుతున్నది. వెనక అతని భార్య.

"దెబ్బ గట్టిగ తాకిందా?" అన్నాను.

"దెబ్బకేం గాని సారూ, మన దిక్కు వకీలున్నడంటే వచ్చినం. నా పేరు జంగయ్య. గీమె ఈదమ్మ, నా పెండ్లాం." ఊరి పేరు, దొర పేరు కూడా చెప్పాడు.

కుంట కింద మూడెకరాల తరి పొలం. అతని తండ్రి దున్నాడు, తర్వాత అతను దున్నాడు. వానకాలం నాగలి కట్టబోతే దొర మనుషులు వచ్చి, "నువ్వు రాజీనామా ఇచ్చినవు గద, ఇంకెక్కడి భూమి?" అన్నారట.

"నేను తహసీలు ఎట్లుంటదో సూడనే లేదు సారూ. గీ నకలు తెచ్చుకునేసరికి చెప్పులరిగినయి. ఉర్దూల ఉన్నదంట. జర సదివి చెప్పు."

కాగితం నా ముందు పెట్టాడు. విప్పకముందే నాకు తెలుసు.

చదివాను. ఊరు, సర్వే నంబరు, మూడెకరాలు, ఇష్టపూర్వకంగా, ఎవరి బలవంతం లేకుండా అన్నీ చదివి చెప్పాను. ఈదమ్మ వింటూ వింటూ "వీళ్ళ నోట్ల మన్నువడ!" అంది. వేలిముద్ర దాకా వచ్చి ఆగాను. కింద ఇంకొక్క వరుసే ఉన్నది.

జంగయ్యకు ఆ సంగతి తెలియలేదు. ఈదమ్మకు తెలిసింది. అక్షరం రాని మనిషి, కానీ కండ్లు ఉన్నాయి. నా సంతకం మీద వేలు పెట్టింది. "కింద గీ గీతలేంది సారూ?"

"కచేరీ గుర్తులు" అన్నాను.

ఈ కేసు పట్టుకోమని జంగయ్య అడిగాడు. నేను దొర తరఫు వకీలు దగ్గర పని చేశాను గనుక నేను పట్టకూడదు, వకీళ్ళ కాయిదా ఒప్పుకోదు అన్నాను. అది అక్షరాలా నిజం. మా వృత్తిలో దాక్కోవడానికి అబద్ధం అక్కర్లేదు, సరైన సెక్షను దొరికితే చాలు. హమీద్ సాబు అని నా స్నేహితుడు, నెమ్మదైన వకీలు, అతని దగ్గరికి పంపించాను. పంపిస్తూ వాళ్ళకు తొవ్వ కూడా చూపించాను. ఆ పూట నా మీద నాకు కొంచెం గౌరవం కలిగిందని చెప్పడానికి సిగ్గుపడుతున్నాను.

ఏడు నెలలు

హమీద్ సాబు డిప్టీ కలెక్టరు గారి ముందు దరఖాస్తు వేశాడు. వేలిముద్రను హైదరాబాదు పంపి నిపుణుడికి చూపించమని అడిగాడు. నా ఆశంతా ఆ వేలు మీదే. ముద్ర జంగయ్యది కాదని నిపుణుడు రాస్తే కాగితం చెల్లదు, అడుగున ఎవరు సంతకం చేశారని ఎవరూ అడగరు. నేను దేవుడికి మొక్కుకున్నది నా పరీక్షల కోసం ఒకసారి, ఆ ముద్ర కోసం ఒకసారి.

ఏడు నెలలు గడిచాయి. ప్రతి పేషీకి జంగయ్య, ఈదమ్మ పొద్దున బస్సు దిగి నేరుగా నా గదికే వచ్చేవారు. సద్దిమూట ఒక మూలన పెట్టి, కుండలో నీళ్ళు తాగి, హమీద్ సాబు దగ్గరికి పోయేవారు. మూడోసారికి జంగయ్య గుమ్మం దగ్గర తల వంచడం నేర్చుకున్నాడు. ఒకసారి నాకు అనపకాయ తెచ్చారు. తిన్నాను. నాకు అరగలేదు, కానీ అది అనపకాయ గుణం కూడా కావచ్చు.

నిపుణుడి జవాబు వచ్చింది. ముద్ర అలుక్కుపోయింది, పోల్చడానికి వీలులేదు. రెండు వరుసలు రాసి కింద మొహరు కొట్టాడు.

ఆ రోజు వాళ్ళిద్దరూ వచ్చి నా గదిలో కూర్చున్నారు. సద్దిమూట విప్పలేదు.

"హమీద్ సాబు ఇగ ఆశ లేదన్నడు సారూ" అన్నాడు జంగయ్య. "ఎడ్లను అమ్మిన. భూమి లేనంక వాటికి మేత దండుగ."

"పాలమూరు మేస్త్రి వచ్చి పోయిండు" అంది ఈదమ్మ. "ప్రాజెక్టు కాడ మట్టి పనికి మొగుడు పెండ్లాల జోడు కావాల్నంట. పై వారం బండెక్కుమన్నడు. ఈ వయసుల తట్ట మోసుడు నాకు చాతనైతదా, నువ్వే చెప్పు."

నాకు ముప్ఫై ఏండ్లు లేవు. ఆమె నన్ను అడిగిన తీరు చూస్తే నేనేదో పెద్దమనిషిననిపించింది. నకలు తీయమన్నాను. ఆఖరు వరుస చదివాను. ముందు ఉర్దూలో, తర్వాత తెలుగులో. "ఈ జంగయ్యను నేను స్వయంగా ఎరుగుదును." కింద పేరు కూడా చదివాను.

జంగయ్య కాగితం మీదికి వంగి చూశాడు. తర్వాత, "గది నీ పేరే గద సారూ" అన్నాడు.

"నాదే."

"మరి గా దినం ఎందుకు సదవలే?"

"భయపడ్డ."

"నువ్వు గప్పుడే చెప్తే ఎడ్లన్న మిగులుతుండె" అన్నాడు. తిట్టలేదు. తిడతాడని కాచుకొని కూర్చున్నాను, తిట్టలేదు. ఈదమ్మ సద్దిమూట చంకన పెట్టుకొని లేచింది. "కచేరీ గుర్తులన్నవు" అని ఒక్క మాట అని బయటికి నడిచింది.

ఆ సాయంత్రమే హమీద్ సాబుకు అంతా చెప్పాను. నన్ను సాక్షిగా పిలిపించమన్నాను. అతను చాయ్ గ్లాసు కింద పెట్టి, "నీకు దిమాగ్ ఖరాబైందా?" అన్నాడు, తర్వాత సమన్ల దరఖాస్తు రాసుకున్నాడు. మంచి వకీలు.

యాది లేదు అను

సమన్లు అందినాక పెద్ద వకీలు గారు కబురు చేశారు. దొర తరఫున ఈ కేసు నడుపుతున్నది ఆయనే. కూర్చోబెట్టి పాన్ ఇచ్చారు.

"యాది లేదు అను. గంతే. యాది లేకపోవుడు నేరం గాదు. దాని కింద ఇప్పటిదాక ఎవ్వన్ని జైల్ల వెయ్యలే."

"నాకు యాదికున్నది సార్."

"నాకు మాత్రం లేదా ఏంది?" అని గొంతు మార్చారు. "చూడు, నువ్వు గప్పుడు నా జూనియరువు. నా కక్షిదారు పని మీద పోయినవు. ఆ పనిల నువ్వు చూసింది కక్షిదారు రహస్యం. దాన్ని బయట పెడితే నిన్ను ఇంకెవడు నమ్ముతడు?"

పిల్లలూ, ఇక్కడ జాగ్రత్తగా చదవండి. ఆయన చెప్పింది ఉత్త మాట కాదు. కక్షిదారు చెవిలో చెప్పింది వకీలు చచ్చినా బయట పెట్టకూడదు. ఆ కట్టుబాటు లేకపోతే మన దగ్గరికి ఎవడూ రాడు. రెండు రోజులు నేను దాని మీదే తల పగలగొట్టుకున్నాను. చివరికి తేలింది ఏమంటే, ఆ రోజు నా చెవిలో ఎవరూ ఏమీ చెప్పలేదు. నేను చెప్పబోయేది దొర రహస్యం కాదు, పదిమంది ముందు నేను రాసిన నా సొంత అబద్ధం. దానికి కక్షిదారుణ్ణి అడ్డం పెట్టుకోవడం నాకు నచ్చలేదు. మీకు ఇంకోలా తోచవచ్చు. తోస్తే, ఎవరి మేలు కోసం తోస్తున్నదో ఒకసారి చూసుకోండి.

మోత్కూరు పోయి బాపుకు చెప్పాను. మగ్గం ఆపకుండా విన్నాడు.

"వకీలు సనదు గుంజుకుంటే ఏం జేస్తవు?"

"మగ్గం నేస్త."

"నీకు రాదు." నాలుగు పోగులు నేశాడు. "పోయి చెప్పు. మగ్గం సంగతి తర్వాత చూద్దాం."

బోనులో

బోను బయటి నుంచి చూసినంత పెద్దగా ఉండదు. మనం ఎంతోమందిని అందులో నిలబెడతాం గనుక మీరూ ఒకసారి నిలబడి చూడటం మంచిది. మోకాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

హమీద్ సాబు అడిగింది చెప్పాను. తర్వాత పెద్ద వకీలు గారు లేచారు.

"ఈ సంతకం ఎవరిది?"

"నాది."

"ఎరుగుదునని రాసినవు. ఎరుగుదువా?"

"ఎరుగను."

"అంటే అబద్ధం రాసినవు."

"రాసిన."

"ఇట్లాంటి సంతకాలు ఎన్ని చేసినవు?"

"ఎన్నో యాది లేదు." ఆయన సలహాలో ఆ ఒక్క ముక్క నాకు పనికొచ్చింది.

"గప్పుడు అబద్ధం ఆడినోడు ఇప్పుడు నిజం చెప్తుండని కోర్టు ఎట్ల నమ్మాలె?"

"గప్పుడు అబద్ధానికి నాకేం ఖర్చు గాలే సార్. ఇయ్యాల నిజానికి అయితాంది."

ఆయన నన్ను ఒక్క క్షణం చూశారు. పాఠం అప్పగించిన పిల్లవాణ్ణి చూసే చూపు అది. మళ్ళీ అడిగారు. "ముద్ర వేసినవాడు జంగయ్య కాదని ఏం గుర్తు?"

అది అడగకుండా ఉండవలసిన ప్రశ్న. ఆయన నలభై ఏండ్ల అనుభవంలో అడగని రకం ప్రశ్న. ఎందుకు అడిగారో నాకు ఇప్పటికీ తెలియదు, తెలుసుకునే ధైర్యమూ చేయలేదు.

"ఆ మనిషికి తహసీలు మేజా అందలే. మునివేళ్ళ మీద లేచి వేలు వత్తితే జారింది. అందుకే ముద్ర అలుక్కపోయింది" అన్నాను.

డిప్టీ కలెక్టరు గారు నిదానమైన మనిషి. కాగితంలో ముద్ర ఎటువైపు సాగిందో చూశారు. అది మేజా అంచు వైపే సాగింది. తర్వాత అందరినీ లేపి వరండా అవతల ఉన్న తహసీలుకు నడిపించారు. మేజా అదే, గద్దె అదే. జంగయ్యను నిలబెట్టారు. మేజా అతని నడుము దాకా వచ్చింది. వేలు ఎట్లా వత్తుతావో చూపించమంటే అతను వంగాడు. వరండాలో ఎవరో నవ్వారు. గుమాస్తా అప్పటికే కనిపించలేదు.

రాజీనామా చెల్లదని ఉత్తర్వు వచ్చింది. మూడెకరాలు జంగయ్యకు తిరిగి వచ్చాయి. ఉత్తర్వులో ఒక పేరా మొత్తం నా గురించే. "బాధ్యత తెలియని వకీలు" అన్న మాట రెండుసార్లు ఉంది. ఒకసారి సరిపోయేదని నాకు అప్పట్లో అనిపించింది.

కచేరీ మెట్ల మీద పెద్ద వకీలు గారు ఎదురయ్యారు. "క్రాసు మంచిగ తట్టుకున్నవు" అన్నారు. "తయారు చేసింది నేనే గద." ఆ తర్వాత ఆయన నాతో మాట్లాడలేదు. ఆయన పోయిన రోజున పాడె పట్టిన వాళ్ళలో నేనూ ఉన్నాను.

ఎరిగిన మనిషి

నా సనదు ఏడాదిపాటు ఆపేశారు. ఆ ఏడాది మా బాపు దగ్గర కూర్చున్నాను. మగ్గం నాకు నిజంగానే రాలేదు.

మళ్ళీ వచ్చి బోర్డు తగిలించాక కేసులు మెల్లగా వచ్చాయి. జంగయ్య మాత్రం నాకు ఒక్క కేసు ఇవ్వలేదు. గట్టు తగాదా, కాలువ నీళ్ళ తగాదా, అన్నీ హమీద్ సాబుకే. తొవ్వలో కనిపిస్తే "మంచిగున్నవా సారూ?" అని పలకరించి, హమీద్ సాబు మెట్లు ఎక్కేవాడు. నాకు కష్టంగా ఉండేది. కానీ అతని జాగాలో నేనుంటే నేనూ అదే చేసేవాణ్ణి.

పదేండ్లు గడిచాయి. ఒకనాడు నా గుమ్మంలో ఒక తల కిందికి వంగి లోపలికి వచ్చింది. జుట్టు నెరిసింది. వెనక ఈదమ్మ.

"కొడుకులిద్దరికి పొలం పంచి రాయిస్తున్న సారూ. రిజిస్ట్రీ కాడికి జర నువ్వు రావాలె. నన్ను గుర్తు పట్టేటందుకు."

"హమీద్ సాబు లేడా?"

"ఉన్నడు. కాయిదం ఆయనే రాసిండు. కేసులైతే ఆయనకే ఇస్త, నీకియ్య." మొహమాటం లేకుండా అన్నాడు. "గీ పనికి మాత్రం నువ్వే గావాలె. నన్ను ఎరుగుదునన్న ఒక్క మాటకు నువ్వు ఏడాది ఇంట్ల కూసున్నవు."

నల్లకోటు వేసుకొని వాళ్ళ వెంట నడిచాను.

రిజిస్ట్రీ కచేరీలో కాగితాలు అప్పటికి తెలుగులోకి వచ్చాయి. జంగయ్య వేలు వత్తబోతుంటే ఈదమ్మ అతని చేయి పట్టి ఆపింది. "ముందు సారు సదవాలె. ఆఖరు వరుస దాక."

చదివాను. కొడుకుల పేర్లు, సర్వే నంబరు, ఎకరన్నర, ఎకరన్నర. ఆఖరు వరుస దగ్గర ఆగలేదు. "ఈ జంగయ్యను నేను స్వయంగా ఎరుగుదును." జంగయ్య నడుము వంచి వేలిముద్ర వేశాడు, సిరా తలకు తుడుచుకున్నాడు. ముద్ర శుభ్రంగా పడింది. దాని కింద నేను సంతకం చేశాను.

ఈదమ్మ కాగితం మీదికి వంగి చూసింది. నా సంతకం మీద వేలు పెట్టింది. "గీ గీతలేంది సారూ?"

"నా సంతకం, ఈదమ్మా" అన్నాను.